అక్షర నియమంతో పదాన్వేషణ: ద్రాక్షారామం సీమ చెప్పే సాక్ష్యం

ఫలానా అక్షరం ఉన్న పదం కావాలి, లేదా ఫలానా అక్షరం అసలు తగలని పదం కావాలి, లేదా మూడో చోట ఫలానా అక్షరమే పడే పదం కావాలి. ఇలాంటి నియమానికి లోబడి పదాన్ని పట్టుకోవడాన్ని అక్షర నియమ పదాన్వేషణ అనవచ్చు. ఇంగ్లీషులో దీనికి ఆటల రూపంలో పెద్ద ప్రచారం వచ్చింది. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ ప్రచురించిన గళ్ళ ప్రహేళికతో క్రాస్‌వర్డ్ మొదలైంది. 1930లలో ఆల్ఫ్రెడ్ బట్స్ తయారుచేసిన ఆటకు 1948లో స్క్రాబుల్ అని పేరు స్థిరపడింది. 2021లో జనంలోకి వచ్చిన వర్డిల్‌ను మరుసటి జనవరిలోనే న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఈ ఆటగాళ్ళకు సాయంగా, అక్షరాలు ఇస్తే పదాలు చూపే శోధన పరికరాలూ పుట్టుకొచ్చాయి. వీటిని చూసి ఈ విద్య మొత్తం ఇంగ్లీషు చదువుతోపాటు మనకు దిగుమతి అయిందనుకునేవారున్నారు. గోదావరి డెల్టా సాహిత్య చరిత్ర ఆ అభిప్రాయాన్ని నిలవనివ్వదు. ఇక్కడ పదాన్ని అక్షరంతో వెతకడం ఛందస్సులోనే పుట్టింది, అవధానంలో ఆటగా మారింది, గళ్ళనుడికట్టుగా పత్రికలకెక్కింది. అంతేకాదు, ఇంగ్లీషు పద్ధతిని తెచ్చి తెలుగుకు అతికిస్తే ఎందుకు పొసగదో కూడా ఈ చరిత్రే చెబుతుంది.

ముందు ఇంగ్లీషు పద్ధతి సంగతి. ఆ లిపిలో అక్షరమంటే విడి బిళ్ళ. ఇరవయ్యారు బిళ్ళల్లో ఏది ఏ చోట పడ్డా దాని ఆకారం మారదు, పక్కదానితో కలిసిపోదు. బట్స్ పత్రికల పుటలు ముందు పెట్టుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి తన ఆటకు బిళ్ళలు నిర్ణయించాడు. ఇంగ్లీషు ఆటలో మొత్తం 100 బిళ్ళలు. వాటిలో ‘ఇ’ 12, ‘ఎ’ 9, ‘ఎస్’ నాలుగే, ‘క్యూ’ ఒక్కటే. శోధన పరికరం పని కూడా ఈ స్వభావం మీదే నడుస్తుంది. ప్రతి పదంలోని అక్షరాలను అకారాది క్రమంలో పేర్చి, ఆ పేర్పును తాళంచెవిగా వాడుతుంది. వినడమనే అర్థమున్న లిసన్‌కూ, నిశ్శబ్దమనే అర్థమున్న సైలెంట్‌కూ ఆరు అక్షరాలూ ఒకటే కాబట్టి రెండింటికీ ఒకే తాళంచెవి వస్తుంది. గోదావరి డెల్టాలోని ద్రాక్షారామం పేరును మామూలుగా రాసే ఇంగ్లీషు వర్ణక్రమంలో పేరిస్తే పన్నెండు బిళ్ళలు కావాలి: ‘ఎ’ నాలుగు, ‘ఆర్’ రెండు, ‘ఎమ్’ రెండు, డి, కె, ఎస్, హెచ్ ఒక్కొక్కటి. పెట్టెలో ఉన్న ‘ఎమ్’లు రెండే, ‘కె’ ఒక్కటే. అన్నీ ఈ ఒక్క ఊరికే ఖర్చయిపోతాయి. (ఊరి పేర్లను ఆ ఆట ఒప్పుకోదు కాబట్టి ఈ లెక్క సరదాకే పనికొస్తుంది.)

అదే పేరు తెలుగులో రాస్తే ద్రా, క్షా, రా, మం అని నాలుగే అక్షరాలు. బడిపిల్లవాడైనా నాలుగనే చెబుతాడు. కంప్యూటర్‌ను అడిగితే మాత్రం పన్నెండంటుంది. యూనికోడ్‌లో తెలుగు అక్షరం ముక్కలుగా దాచబడుతుంది. ‘ద్రా’ అంటే ద, పొల్లు గుర్తు, ర, దీర్ఘం గుర్తు, మొత్తం నాలుగు సంకేతాలు. ‘క్షా’కు మరో నాలుగు, ‘రా’కు రెండు, ‘మం’కు రెండు. ఇంగ్లీషు కోసం రాసిన పదశోధనను యథాతథంగా తెలుగు మీద నడిపితే అది ఈ ముక్కలనే అక్షరాలనుకుంటుంది. దాని ఫలితం చూడాలంటే ‘వికటకవి’ చాలు. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటేనని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు: వి, క, ట, క, వి. సంకేతాల వరసను తిరగేస్తే గుడి గుర్తు ముందుకొచ్చి, వకారం దాని వెనక పడి, పదం పదంగానే నిలవదు. తెనాలి రామకృష్ణుడి బిరుదుకే గండి కొట్టే పరికరం తెలుగు పదాల ఆటకు ఏపాటి ఉపకారం చేస్తుంది? లోపం యూనికోడ్‌ది కాదు. రాతను భద్రపరచడానికి ఆ విభజన అవసరమే. భద్రపరిచే తీరునే లెక్కపెట్టే తీరుగా వాడుకోవడంలో ఉంది పొరపాటు.

ఇక తెలుగువాళ్ళు పదాన్ని ఏ కొసన పట్టుకుని వెతికేవారో చూద్దాం. ఇంగ్లీషు నిఘంటువు మొదటి అక్షరంతో తెరుచుకుంటుంది. తెలుగు పద్యకవికి మొదటి అక్షరం కంటే రెండో అక్షరంతో ఎక్కువ పని. వృత్తాలలోనూ కందంలోనూ నాలుగు పాదాలకూ రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండాలి. అదే ప్రాస. దాని ముందున్న అక్షరం గురువైతే (బరువుగా పలికేదైతే) నాలుగు చోట్లా గురువే, లఘువైతే (తేలికగా పలికేదైతే) నాలుగు చోట్లా లఘువే కావాలి. అంటే మొదటి పాదం పూర్తయ్యేసరికి, ‘గురువు తరువాత రెండో చోట ఈ హల్లు ఉన్న మాటలు ఇంకో మూడు కావాలి’ అనే శోధన కవి తలలో నడుస్తూనే ఉంటుంది. రాజమహేంద్రవరంలో నన్నయ భారతం మొదలుపెట్టిన నాటినుంచి ఈ నియమం తెలుగు వృత్తాలకూ కందానికీ తప్పనిసరి. తొలి తెలుగు ఛందోగ్రంథాల్లో ఒకటైన కవిజనాశ్రయాన్ని మల్లియ రేచన రాశాడని కొందరు, వేములవాడ భీమకవి రాశాడని కొందరు అంటారు. ఆ భీమకవి ద్రాక్షారామ భీమేశ్వరుడి వరప్రసాది అన్నది ఈ సీమలో నలిగిన కథ. కథను కథగానే ఉంచినా, అక్షర నియమాల శాస్త్రాన్ని ఈ గుడితో ముడివేయాలని జనానికి తోచిందంటే ఊరికి ఉన్న సాహిత్య ప్రతిష్ఠ అలాంటిది. తూర్పు చాళుక్యుల నాటి ఈ గుడి రాళ్ళ మీద వందల శాసనాలున్నాయి. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు ఈ క్షేత్రం మీదే భీమేశ్వర పురాణం రాసి, రాజమహేంద్రవరం రెడ్డిరాజుల మంత్రి బెండపూడి అన్నయకు అంకితమిచ్చాడు. కావ్యం పొడవునా ప్రతి వృత్తమూ, ప్రతి కందమూ ఆ రెండో అక్షరపు వెతుకులాటకు దొరికిన జవాబే.

ఈ అవసరం కోసం పూర్వులు జాబితాలు కూడా కట్టుకున్నారు. మన వీధిబడుల్లో వల్లె వేయించిన అమరకోశంలో నానార్థ వర్గం పదాలను చివరి హల్లును బట్టి అమర్చింది: ముందు కకారాంతాలు, ఆ తరువాత ఖకారాంతాలు, అలా చివరిదాకా. విశ్వప్రకాశం, మేదిని అనే సంస్కృత కోశాలు ఇంకో అడుగు వేసి, ఒక్కో హల్లు కింద రెండక్షరాల పదాలు, మూడక్షరాల పదాలు అని విడదీశాయి. ‘కకారంతో ముగిసే మూడక్షరాల మాట’ కావాలంటే నేరుగా ఆ చోటికే పోవచ్చు. ఈనాటి శోధన పరికరాలు ఇంగ్లీషుకు చేసిపెడుతున్నది అచ్చం ఇదే పని. తెలుగు లాక్షణికులకు ఇంకో తలనొప్పి ఉండేది, బండి ర (ఱ), అంటే శకటరేఫ. రేఫకూ శకటరేఫకూ ప్రాస కుదరదని నియమం. కానీ చాలామంది నోట రెండూ ఒకేలా పలికే రోజులొచ్చాయి. ఏ మాటలో ఏ ‘ర’ ఉందో చెవి చెప్పలేకపోయింది. అందుకే లక్షణ గ్రంథాలు శకటరేఫ ఉన్న మాటలను పట్టికలుగా ఇచ్చాయి. స్క్రాబుల్ ఆటగాళ్ళు ‘యు’ లేకుండా ‘క్యూ’ వచ్చే మాటల జాబితాను కంఠస్థం చేయడానికీ దీనికీ ప్రయోజనంలో పెద్ద తేడా లేదు. తరువాత వచ్చిన ఆధునిక నిఘంటువులు అకారాది క్రమం వైపు మొగ్గాయి. పిఠాపురం మహారాజా పోషణలో తయారై, 1936లో మొదటి సంపుటం వెలువడ్డ సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ క్రమంలోనే ఉంది. అర్థం వెతికేవారికి అది మేలు. ప్రాస వెతికేవారికి మాత్రం పాత కోశాల దారే దగ్గర.

పద్యం కట్టేవాడి ఒంటరి వెతుకులాట సభలోకి వచ్చి ఇద్దరి మధ్య ఆటగా మారింది అవధానంలో. ఆ ప్రక్రియకు ఆంధ్రదేశమంతటా జనాదరణ తెచ్చిన తిరుపతి వేంకట కవులిద్దరూ గోదావరి బిడ్డలే. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రి 1872లో యండగండిలో పుట్టారు. అష్టావధానం అంశాల్లో కనీసం రెండు పచ్చి అక్షరాటలు. మొదటిది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత ఏది రాబోతోందో ఊహించి, ప్రశ్న వేసే పృచ్ఛకుడు ఆ హల్లును నిషేధిస్తాడు. అవధాని ఇంకో దారి తొక్కాలి. ద్రాక్షారామ క్షేత్రాన్ని వర్ణించమన్నారనుకుందాం. అవధాని ‘భీ’ అన్నాడు. భీమేశ్వరుడు వస్తాడని తెలిసిన పృచ్ఛకుడు ‘మ’ వద్దంటాడు. మిగిలినవి భీష్మ, భీకర, భీత, భీరు. ‘ష్మ’ తీసుకుంటే మాట నిలుస్తుంది గాని, ప్రాసకు గ్రీష్మ, ఊష్మ అని రెండు మూడు చెప్పాక తడుముకోవాల్సిందే. ‘క’ తీసుకుంటే పృచ్ఛకుడు వెంటనే ‘ర’ నిషేధిస్తాడు, ‘భీక’ దగ్గర దారి మూసుకుపోతుంది. ‘త’ తీసుకున్నాడా, ‘భీత’ అక్కడికక్కడే పూర్తి మాట. దాని వెనక జన, జాల, లోక, ఏ పదమైనా సమాసంగా చేరుతుంది. పృచ్ఛకుడు దేన్ని నిషేధించినా ఇంకోటి సిద్ధం. పైగా మిగతా మూడు పాదాల ప్రాసకు సీత, గీత, మాత, దాత, రాత, కోత, పూత బారులు తీరి ఉన్నాయి. అవధాని వెతికేది ఒక్క అక్షరాన్ని కాదు. తరువాతి నిషేధానికి చిక్కని చోటును, మూడు పాదాల తరువాతి అవసరాన్ని ఒక్క క్షణంలో కలిపి వెతుకుతాడు.

రెండోది న్యస్తాక్షరి. ఫలానా వృత్తంలో, ఫలానా పాదంలో, ఇన్నో అక్షరంగా ఇది రావాలని పృచ్ఛకుడు కోరతాడు. గళ్ళనుడికట్టులో ఒక గడి ముందే నింపి ఇవ్వడమే ఇది, కాకపోతే గళ్ళు అవధాని తలలో ఉంటాయి. ఉత్పలమాల ఎనిమిదో అక్షరంగా ‘క్ష’ అడిగారనుకుందాం. పాదానికి ఇరవై అక్షరాలు, ప్రతి చోటా గురువో లఘువో ముందే ఖరారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది చోట్ల లఘువులే ఉండాలి. చిక్కు ఎక్కడంటే, ‘క్ష’ లాంటి సంయుక్తాక్షరం తనకు ముందున్న అక్షరాన్ని గురువు చేసేస్తుంది. కాబట్టి రక్షణ, శిక్షణ, పక్షము లాంటి మాటలన్నీ ఒక్క దెబ్బతో పనికిరాకుండా పోయాయి. మిగిలిన దారి ఒక్కటే. ‘క్ష’ కొత్త మాటకు మొదట ఉండాలి, దాని ముందు వేరుగా నిలిచే తెలుగు మాట లఘువుతో ముగియాలి. అప్పుడు ‘మీరలు వచ్చినట్టి క్షణమే’ అనవచ్చు. ‘క్ష’ ఎనిమిదో చోట పడింది, ఏడో అక్షరం ‘ట్టి’ లఘువుగానే మిగిలింది, పదో చోటి ‘మే’కు మొదటి ‘మీ’తో యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ఉండాల్సిన మైత్రి, కుదిరింది. ఇంగ్లీషు గళ్ళలో అక్షరం పక్క గడి బరువును మార్చడమనేది ఉండదు. ఇక్కడ ఒక్కో గడి ఎడమ పక్కదాని మీద పెత్తనం చేస్తుంది. తెలుగు అన్వేషణ ఇంగ్లీషుదాని కంటే కష్టమైనదని నేననడానికి ఆధారం ఇదే. సంస్కృతం మీద భక్తితోనో, సొంత భాష మీద మమకారంతోనో అంటున్న మాట కాదు.

అక్షరాల్లో ఒక వర్గాన్నే మొత్తంగా వదిలేసి రాయడం ఈ అన్వేషణకు మరో కొమ్మ. సంస్కృతంలో దండి దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడు, ప్రియురాలు కొరికిన పెదవి నొప్పివల్ల, ఓష్ఠ్యాలు, అంటే పెదవులతో పలికే అక్షరాలు, లేకుండానే తన కథంతా చెబుతాడు. 1939లో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్ ‘ఇ’ అక్షరం లేకుండా గాడ్స్‌బీ అనే ఇంగ్లీషు నవల రాశాడు, 1969లో జార్జ్ పెరెక్ ఫ్రెంచిలో అలాంటి పనే చేశాడు. రాజమహేంద్రవరం వాడైన కందుకూరి వీరేశలింగం తన తొలినాళ్ళలో రాసిన శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం వీటి సరసన నిలిచే సాహసం. పేరులోనే మూడు సంకెళ్ళున్నాయి: తత్సమాలు కూడదు, పెదవులు కలిసే ధ్వనులు కూడదు, మధ్యలో వచనం కూడదు. నియమాన్ని కఠినంగా పట్టుకుంటే ప, ఫ, బ, భ, మలతోపాటు వకారం, ఉకారం, ఒకారం కూడా పోతాయి. అప్పుడు తెలుగు ప్రథమా విభక్తి ప్రత్యయాలు డు, ము, వు, లు నాలుగింటికి నాలుగూ నిషిద్ధమే. నలుడు కథానాయకుడు, ‘నలుడు’ అనడానికి వీల్లేదు. నాయిక దమయంతి, పేరులో ‘మ’ ఉంది. ఆమె తండ్రి భీముడి పేరులోనూ దేశం విదర్భ పేరులోనూ ఓష్ఠ్యాలే. ఇంగ్లీషు నుంచి ‘ఇ’ని తీసేస్తే చాలా మాటలు పోతాయి గాని, కర్త వాక్యంలో నిలబడే పద్ధతికి ఇంత దెబ్బ తగలదు. వీరేశలింగం ఆ తరువాత వచనం వైపు తిరిగి, రాజశేఖర చరిత్రంతో తెలుగు నవలకు దారి వేశాడు.

ఇక్కడే పెద్ద ఆక్షేపణ ఎదురవుతుంది. ఇదంతా గారడీ, కవిత్వం కాదు అంటారు. ఆలంకారికుడు మమ్మటుడే ఇలాంటి చిత్రకావ్యాన్ని అధమ శ్రేణిలో పెట్టాడు, స్వయంగా వీరేశలింగమే ఆ దారి విడిచాడు కదా అని. ఆ విమర్శలో నిజముంది. నిరోష్ఠ్య కావ్యాలను రసం కోసం చదివేవారు అరుదు. అయితే ఇక్కడ తేలవలసింది కవిత్వపు విలువ కాదు, అన్వేషణ స్వభావం. స్క్రాబుల్‌లో గెలిచిన మాట అందంగా ఉందా అని ఎవరూ అడగరు. న్యూజిలాండ్‌లో పుట్టిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి భాష మాట్లాడడం రాకుండానే, పదాల జాబితా కంఠస్థం చేసి ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ విజేత అయ్యాడు. అక్కడ అర్థం అక్కర్లేదు. నిషిద్ధాక్షరిలో అర్థంలేని అక్షరాల వరస చెల్లదు. నాలుగు పాదాలూ పూర్తయ్యేసరికి ఇచ్చిన విషయం మీద పద్యం నిలవాలి. గారడీయే అనుకున్నా, అర్థాన్ని చేజారనివ్వని గారడీ. రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది: అవధానం శాస్త్రం చదివిన కొద్దిమందిది, మామూలు చదువరికి అందులో చోటేదీ? నిజమే, ఆ సభల్లో పృచ్ఛకులు కూడా పండితులే. ఆ గోడను చాలావరకు తగ్గించింది పత్రికల గళ్ళనుడికట్టు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్ళనుడికట్లు ఛందస్సు రాని పాఠకుడి చేతికి కూడా పెన్సిలు ఇచ్చాయి.

ఆ గళ్ళు తీసుకున్న నిర్ణయం గమనించదగ్గది. గడికి ఒక సంకేతం కాదు, వత్తూ గుణింతమూ కలిసిన పూర్తి అక్షరం. అడ్డంలో ‘క్షా’ పడితే నిలువులోనూ ‘క్షా’యే పడాలి. ‘క్ష’ గాని, ‘కా’ గాని ఒప్పదు. హల్లులకు గుణింతం వేస్తే, వత్తుల జోలికి పోకుండానే, అక్షరాలు ఐదు వందలు దాటుతాయి. ఇరవయ్యారు అక్షరాల ఇంగ్లీషులో రెండు మాటలు ఒకచోట కలవడం సులువు, ఇక్కడ కూర్పరి చెమటోడ్చాలి. అందుకే తెలుగు గళ్ళలో చిన్న మాటలు, నల్లగళ్ళు ఎక్కువ. నియమాన్ని సడలించి గడికి ఒక హల్లు చాలనుకుంటే కూర్పు తేలికయ్యేది. ఆ గళ్ళు ఆ దారి తొక్కలేదు, పాఠకుడు పదాన్ని అలా చదవడు కనుక.

కంప్యూటర్ వచ్చాక ఈ నైపుణ్యంతో పనేమిటన్నది చివరి ప్రశ్న. యంత్రం జాబితాలు తోడగలదు, అందులో సందేహం లేదు. ఆంధ్రభారతి ఎన్నో నిఘంటువులను ఒకేచోట వెతికే వీలు కల్పించింది. ఛందం అనే పరికరం పద్యంలో గణాలను, యతిప్రాసలను సరిచూస్తుంది. తెలుగును అక్షరాలుగా విడగొట్టడం అసాధ్యం కాదని దీంతోనే రుజువైంది. తెలుగు పదాల ఆటలు తయారుచేసేవారు ఇంగ్లీషు ఆట నమూనాను తెచ్చి, ఫాంటు మార్చి వదిలేయకుండా, ముందుగా, వరసలో ఉన్న సంకేతాలను అక్షరాలుగా కూర్చి లెక్కపెట్టాలి. మొదటి అక్షరంతోపాటు రెండో అక్షరానికీ, చివరి హల్లుకూ, గురులఘువులకూ విడి సూచికలు పెట్టాలి. అకారాది క్రమంలో ఉన్న నిఘంటువు ఒకటి కంప్యూటర్‌లో ఉంటే ఈ సూచికలు కట్టడం కొద్ది రోజుల పని. ఆ పరికరం సిద్ధమయ్యాక ‘ద్రాక్షారామం’ అని కొట్టి చూడండి. నాలుగు అని చెబితేనే దాన్ని పిల్లల చేతికివ్వండి.